అత్తమ్మ చేతికి ఒక కత్తి

మా అత్తమ్మ 2009లో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి కేంబ్రిడ్జ్‌లో మాతోనే ఉంటున్నారు. వచ్చిన నాటి నుంచీ వంటిల్లు ఆవిడదే. గత చలికాలం మాత్రం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, మేము కూరలు తరుగుతుంటే చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. బొటనవేలి కీలు వాచింది. ఇక్కడి కత్తుల సన్నటి పిడి పట్టు చిక్కడం లేదు. "మీరే చేసుకోండ్రి, నాతోటి ఏమైతది" అనేవారు. సొంత ఇంట్లో ఆవిడ చుట్టమైపోతున్నారని మాకు దిగులు పట్టుకుంది.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆవిడ కత్తిపీట మీదే తరిగారు. కత్తిపీటకు పిడితో పని లేదు. పీటను కాలు అదిమి పడుతుంది, కత్తి కదలదు, రెండు చేతులూ కాయను కత్తి మీదికి తోస్తాయి. వాచిన వేళ్ళకు అంతకంటె సుఖమైన పనిముట్టు లేదు. కానీ మోకాళ్ళు నేల మీద కూర్చోనివ్వవు. అంచేత ఆవిడ చేతికి తగిన పిడితో కత్తి మేమే చేద్దామని బయల్దేరాము. మా ఇద్దరిలో ఒకరిది కంప్యూటరు ఉద్యోగం, ఒకరిది లాబొరేటరీ ఉద్యోగం. గోడకు మేకు కొట్టాలన్నా పక్కింటాయన్ని పిలిచే బాపతు!

కొత్తవారి కోసం కిట్లు దొరుకుతాయి. అందులో కాల్చి, పదును పట్టేటట్టు తయారుచేసిన అలుగు, పిడికి రెండు చెక్క పలకలు, ఇత్తడి సీలలు ఉంటాయి. కొలిమి పని లేదు. పొట్లం తెచ్చినతను మా వయస్సు రుజువు చూసిగాని ఇవ్వలేదు. ఇంగ్లండులో 18 ఏళ్ళు నిండని వారికి ఇలాంటి కత్తి అమ్మడం నేరం. 1988 నాటి చట్టం ప్రకారం, మూడంగుళాలు మించని మడత చాకు తప్ప, తగిన కారణం లేకుండా కత్తి పట్టుకుని వీధిలోకి వెళ్ళడమూ నేరమే. ఎదిగే పిల్లలున్న ఇళ్ళలో ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

మొదటి పని అలుగుకు మందంగా టేపు చుట్టడం. పదును లేదు కదా అని ఊరుకోకూడదు. రెండవది, కొలత. చపాతీ పిండి ముద్ద చేసి అత్తమ్మ చేతికిచ్చి, కత్తి పట్టినట్టు పట్టమన్నాము. వేళ్ళు ఎక్కడెక్కడ ఆనాయో పిండి మీద అచ్చుపడింది. కిట్టుతో వచ్చిన బొమ్మలో పిడి సన్నగా, అందంగా ఉంది. పిండి ముద్ద మాత్రం లావు పిడి కావాలంది. నొప్పి చేతులకు లావు పిడే నయం, గట్టిగా బిగించి పట్టనక్కరలేదు.

పలకలకు బెజ్జాలు వేయడంలో ఒక కిటుకు ఉంది. ఒక పలకను ఇనుముకు బిగించి, ఇనుములో ఉన్న బెజ్జాల గుండానే డ్రిల్లు దింపాలి. సీలలు దూర్చి చూసుకున్నాక రెండవ పలక పని పట్టాలి. అలుగు వైపు ఉండే పలకల అంచులను అంటించక ముందే నునుపు చేసుకోవాలి. తరువాత చేయబోతే అలుగు మీద గీతలు పడతాయి.

ఇనుమును గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు లేకుండా తుడిచి, ఎపాక్సీ జిగురు కలిపి అంటించి, క్లాంపులు బిగించి షెడ్డులో పెట్టాము. డిసెంబరు నెల, నాలుగింటికే చీకటి, బయట మంచు. మర్నాడు చూద్దుముగదా, పలకలు జారుతున్నాయి! చలికి ఎపాక్సీ గట్టిపడదన్న సంగతి మాకు తెలియలేదు. మొత్తం ఊడదీసి, తుడిచి, మళ్ళీ కలిపి, ఈసారి ఇంట్లో రేడియేటరుకు కాస్త దూరంలో పెట్టాము. ఒక రోజులో రాయి అయింది.

ఇక ఆకురాయితో అరగదీత, ఆపైన 80 నంబరు మొదలు 400 వరకు గరుకు కాగితాలు. చెక్క పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు ఉండాలి. చివర అవిసె నూనె పట్టించాము. నూనె గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. పరచి ఆరబెట్టాలి.

ఇదంతా కుర్చీలోంచి చూస్తున్న అత్తమ్మ ఒకనాడు, "గీ ఉక్కు ఏడిది?" అని అడిగారు. తుప్పు పట్టని రకమనీ, షెఫీల్డులో హారీ బ్రియర్లీ 1913లో అలాంటి ఉక్కు చేశాడనీ చెప్పాము. "ఉక్కు మా దిక్కు కోనసముద్రంల చేసెటోళ్ళు. చిన్నప్పుడు ఆ చిట్టెం దిబ్బలు చూసిన" అన్నారు.

అది నిజమే. ఆ ఊరి కమ్మరులు మూసలలో ఉక్కు కరిగించే పద్ధతిని హెన్రీ వాయ్సీ అనే సర్వే శాఖ వైద్యుడు చూసి రాసిపెట్టగా, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక అచ్చువేసింది. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. దక్షిణ దేశపు ఈ ఉక్కును లండన్ శాస్త్రజ్ఞులు వూట్జ్ అన్నారు. మన 'ఉక్కు' మాటే అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. దాని మీద జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. మైకేల్ ఫారడే కూడా కత్తుల పనివాడు స్టోడార్ట్‌తో కలిసి దాన్ని పరిశోధించాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ చూసిన దిబ్బల సంగతి మేమెన్నడూ అడగలేదు.

సానపట్టే రోజున కుర్చీ గుమ్మం దగ్గర నుంచి బల్ల దగ్గరికి వచ్చింది. తడిపిన రాయి మీద అలుగును ఇరవై డిగ్రీల లోపు వాలుగా పట్టి, ఆ వాలు తప్పకుండా రుద్దాలి. మేము కళ్ళతో చూసుకుంటున్నాము. ఆవిడ కళ్ళు మూసుకుని, "సప్పుడు మారింది, కత్తి లేస్తున్నది" అన్నారు. చూస్తే నిజంగానే వాలు తప్పింది. గంటసేపు ఆవిడ చెబుతుంటే మేము రుద్దాము.

కత్తిని చేతికి చేయి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాము. అత్తమ్మ తీసుకుని, మిల్ రోడ్డు దొండకాయలు పావుకిలో తరిగారు. ముక్కలన్నీ ఒక్క తీరుగా లేవు. మధ్యలో రెండుసార్లు ఆగి చేయి విదుల్చుకున్నారు. అయినా, "పక్కకు జరగండ్రి, పోపు నేనేస్త" అన్నారు.

పిడి మీద ఒకచోట జిగురు మరక ఉండిపోయింది. మీ ఇంట్లోనూ ఇలాంటి చేతులున్న పెద్దవారు ఉంటే, ఒకసారి ఈ పిడి పట్టించి చూడండి. కత్తిని ఉగాది సభకు తీసుకురావడం మాకు ఇష్టం లేదు, చట్టం సంగతి చెప్పాము కదా! కాబట్టి మీరే మా ఇంటికి రండి. భోజనం అత్తమ్మ పెడతారు.