యంత్రము మారిన లెక్క యేల మారును?



మా గ్రామ పాఠశాలలో చదివి పైకి వచ్చినవారు కొందరు కలిసి, పేదపిల్లల చదువునకై ఏటేట జూన్ నెలలో కొంత ధనమును ఆ పిల్లల బ్యాంకు ఖాతాలకు పంపుచుందురు. జాబితాను వ్రాసి కాపాడుట నా పని. ఉద్యోగము నుండి విరమించిన బడిపంతులుకు ఇంతకంటె తగిన కొలువేమున్నది? క్రిందటి యేడు 46 మందికి పంపగా, అందులో 11 మంది ధనము తిరిగి వచ్చినది. ఖాతా సంఖ్యలు తప్పని బ్యాంకువారు తెలిపిరి. ఒక బాలికకు కళాశాల రుసుము చెల్లించుటకు మూడు దినములే గడువు. ఆ సంఖ్యలను వ్రాసినది నేనే, పాసుపుస్తకములతో సరిచూచినది నేనే. మరి తప్పెక్కడ దొరలినది? దానిని వెదకుచు నేను తెలిసికొన్న సంగతులను నేడు మీకు విన్నవించెదను.

జరిగినది ఇది. జాబితా నా యింట విండోస్ కంప్యూటరులో, యాక్సెస్ అను ప్రోగ్రాములో ఉన్నది. అదే కంప్యూటరులోని ఎక్సెల్ ఆ జాబితాను నేరుగా తనలోనికి తెచ్చుకొనగలదు. క్రిందటి యేడు నాకు కంటికి శస్త్రచికిత్స జరిగినందున, ఆ పనిని హైదరాబాదులోని మా మనుమనికి అప్పగించితిని. వాని యొద్ద నున్నది మ్యాక్. అందును ఎక్సెలే కలదు. పేరు అదే, ఆకుపచ్చ గుర్తు అదే, గడులు అవే. కాని, "తాతయ్యా, మీరు చెప్పిన చోట ఆ మీట లేదు" అని వాడు ఫోనులో చెప్పెను. సరిగా చూడుమని నేను కసరితిని. వాడు సరిగానే చూచెనని తరువాత తెలిసినది.

ఎక్సెల్ వంటివానిని స్ప్రెడ్‌షీట్లు అందురు. మన కరణములు గీతలు గీచుకొనిన ఆవర్జా వంటివే యవి. భేదమొక్కటి: ఒక గడిలో అంకె మార్చినచో, దానిపై ఆధారపడిన మొత్తములన్నియు తమంత తామే మారును. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను అమెరికనులు ఆపిల్ కంప్యూటరు కొరకు విసికాల్క్ అనుదానిని నిర్మించి ఈ మార్గమును తెరచిరి. మైక్రోసాఫ్టు వారి ఎక్సెల్ 1985లో మొదట మ్యాకింటాష్ మీదనే పుట్టినది. విండోస్ మీదికి వచ్చినది 1987లో. అనగా జ్యేష్ఠుడు మ్యాక్, కనిష్ఠుడు విండోస్. ఆస్తి మాత్రము కనిష్ఠునికే ఎక్కువగా దక్కినది. అట్టి కుటుంబములను మనమును చూచియున్నాము!

ఇతరులు వ్రాసిన దస్త్రమును మన పుస్తకములోని గడులలోనికి తెచ్చుకొనుటను ఇంపోర్టు అందురు. దీనికి ఎక్సెల్‌లో పవర్ క్వెరీ యను గట్టి సాధనము కలదు. ఏ వరుస సంఖ్య, ఏది తేదీ, ఏది వట్టి అక్షరము అని ఒకమారు చెప్పినచో అది జ్ఞాపకముంచుకొని, మరుసటి మారు ఆ ప్రకారమే నడచును. 2013లో ఇది విండోస్ ఎక్సెల్‌కు అనుబంధముగా వచ్చి, 2016 ప్రతిలో అంతర్భాగమైనది. మ్యాక్‌లో 2019 వరకు దీని జాడయే లేదు. ఆ యేడు వచ్చినదియు, వేరొకచోట చేసిన ఏర్పాటును తిరిగి నడపుకొనుటకు మాత్రమే. స్వయముగా ఏర్పాటు చేసికొను కిటికీ 2023లో గాని అక్కడ స్థిరపడలేదు. ఇక యాక్సెస్ అనునది విండోస్‌కే నిర్మింపబడినది. మ్యాక్‌లో అది లేనే లేదు. లినక్స్ అను మూడవ ఆపరేటింగ్ సిస్టమునకైతే మైక్రోసాఫ్టువారు ఎక్సెల్‌నే చేయలేదు.

ఇట్లేల యనగా, ప్రోగ్రాము శూన్యములో నిలువదు. దాని క్రింద ఆపరేటింగ్ సిస్టము అను పునాది యుండును. విండోస్ పునాదిలోని రాళ్లను ఆనుకొని కట్టిన గోడను మ్యాక్ పునాది మీదికి యథాతథముగా తరలింప వీలులేదు; మరల కట్టవలెను. కట్టుటకు వ్యయమగును. వాడువారు ఎక్కువగా నున్న వైపుననే ముందు కట్టుదురు.

నేరుగా తెచ్చుకొను దారి లేకపోగా, మా మనుమడు నా చేత జాబితాను సి.ఎస్.వి. అను సాదా పాఠముగా మార్పించుకొనెను. అందు ఒక్కొక్క పంక్తి ఒక్కొక్కరిది. అంశమునకు అంశమునకు నడుమ కామా. ఏ యంత్రమైనను దానిని చదువగలదు. గుణమును అదే, దోషమును అదే. ఏలయన ఇది సంఖ్య, ఇది పేరు అని చెప్పు గుర్తేదియు అందు లేదు. వాడు దానిని రెండుమార్లు నొక్కి తెరచెను. ఎక్సెల్ తనకు తోచినట్లు ఊహించుకొనెను. తెలుగు పేర్లకు బదులు అర్థములేని లాటిను అక్షరములు కానవచ్చెను. అవి యూనికోడ్‌లో నున్నవని ఎక్సెల్ గ్రహింపకపోవుటయే కారణము. పేర్లు ఆంగ్లలిపిలో వేరొక వరుసలో నుండుటచే, వాడు దానిని సరకుచేయలేదు. అసలు హాని ఖాతా సంఖ్యలకు జరిగినది. సున్నతో మొదలగు సంఖ్యలలో ఆ సున్న రాలిపోయెను. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనను 15 అంకెలనే నిలుపుకొనును. 17 అంకెల ఖాతా సంఖ్యలో చివరి రెండు అంకెలును సున్నలైపోయినవి. గణితశాస్త్రము ననుసరించి అది స్వల్పభేదమే. బ్యాంకునకు మాత్రము అది వేరొకని ఖాతా, లేదా లేని ఖాతా. అది యెవరి ఖాతాలోను పడక తిరిగి వచ్చుట మా అదృష్టము.

తేదీల కథ మరియొకటి. పంచాంగము చూచువారికిది వినోదముగా నుండును. ఎక్సెల్ తేదీని దినముల లెక్కగా దాచుకొనును. విండోస్‌లో ఆ లెక్క 1900 జనవరి 1 నుండి మొదలు. 1900 లీపు సంవత్సరము కాదు. అయినను, పూర్వము ప్రసిద్ధమైన లోటస్ 1-2-3 అనునది దానిని లీపుగా లెక్కించినందున, దానితో పొత్తు చెడకుండ ఎక్సెల్ కూడ లేని ఫిబ్రవరి 29ని ఉన్నట్లే వ్రాసికొన్నది. ఈ చిక్కు లేకుండ మ్యాక్ ఎక్సెల్ 2008 ప్రతి వరకు 1904 నుండి లెక్కించెడిది. ఒక పద్ధతి పుస్తకములోని తేదీలను రెండవ పద్ధతి పుస్తకములోనికి ఎత్తి వ్రాసినచో 1,462 దినములు, అనగా నాలుగేండ్ల ఒక దినము, తేడా వచ్చును. ఎనిమిదేండ్ల పిల్ల పండ్రెండేండ్లది కావచ్చును!

ఇట్టివి పల్లెటూరి పంతుళ్లకే జరుగునని తలపకుడు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖవారు కరోనా పరీక్షల ఫలితములను సి.ఎస్.వి. దస్త్రముల నుండి ఎక్సెల్ యొక్క పాతకాలపు పుస్తకములోనికి తెచ్చుకొనిరి. ఆ పాత రకమున 65,536 వరుసలే పట్టును. కొత్త రకమున 10,48,576 పట్టును. పట్టనివి జారిపోయినవి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగులు లెక్కకు రాలేదు. వారితో మెలగినవారిని వెదకి హెచ్చరించుట ఆ మేరకు ఆలస్యమైనది.

కావున నేనిప్పుడు దస్త్రమును రెండుమార్లు నొక్కి తెరువను. ముందు ఖాళీ పుస్తకమును తెరచి, దానిలోనికి దస్త్రమును పిలిచి, ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య, పిన్‌కోడు ఇవి సంఖ్యలు కావు, అక్షరములే యని చెప్పుదును. ఉచితముగా దొరకు లిబ్రెఆఫీస్ ఈ మూడు ఆపరేటింగ్ సిస్టములందును ఉన్నది. దస్త్రము తెరువగానే లిపి యేది, విభాగచిహ్నమేది, ఏ వరుస ఏ జాతిది అని అన్నిచోట్లను ఒకే తీరున అడుగును. వయసు మీరినవారికి అట్లు అడుగు యంత్రమే నయమని నా అభిప్రాయము. ఎక్సెల్‌లో సంఖ్యల ఊహను ఆపుకొను ఏర్పాటు 2023లో వచ్చినది గాని, పాత ప్రతులలో అది లేదు.

ఆ బాలిక రుసుమును గడువునాటి ఉదయమున చేబదులు తెచ్చి చెల్లించితిమి. మరునాడు మనుమడు జాబితాను పై పద్ధతిని మరల తెరచెను. నేను పాసుపుస్తకముల నకళ్లను ముందు పెట్టుకొని ఫోనులో ఒక్కొక్క అంకెయే చదువగా, వాడు అక్కడ సరిచూచుకొనెను. రెండు గంటలు పట్టినది. 46 ఖాతాలలో 45 సరిపోయినవి. మిగిలిన ఒక్క దానిలో 6 ఉండవలసిన చోట 9 ఉన్నది. అది మ్యాక్ చేసినది కాదు, విండోస్ చేసినదియు కాదు, నా చేతివ్రాతలోనిదే.