కొండ నెక్కెడు రైలుబండి

మా మహమ్మద్‌నగర్ ప్రాంతమున కొండ నెక్కెడు రైలు వినికిడియే కాని కన్నది కాదు. 1931లో మంజీరపై ముగిసిన నిజాంసాగరపు కాలువ నీరును, కామారెడ్డి మీదుగా పోవు బండ్లును మా కెరుక. గడచిన దసరా సెలవులలో విశాఖపట్టణమునకు ప్రయాణము నిశ్చయింపబడగా, మోకాళ్ళనొప్పులచే నిల్లు కదలలేని మా అత్తమ్మగారు నన్ను బిలిచి, "ఆ ప్రక్క రైలు కొండ నెక్కునట గదా! అదెట్లెక్కునో చూచివచ్చి నాకు జూపుము" అనిరి.

సోదరీమణులారా! మన ప్రయాణము లెట్టివో మీ రెరుగనివి కావు. కిటికీకడ పిల్లలు, వారి ప్రక్కన పురుషులు, నడుమ ఫలహారపు మూటతో మనము. ఈమారు మాత్రము, "అత్తమ్మగారి పని యున్నది, కిటికీచోటు నాకు గావలయు" నని నావారి నడిగితిని. వారు నవ్వి లేచిరి.

కొత్తవలసనుండి కిరండూలునకు బోవు నీ మార్గము, బైలదిల్లా కొండల యినుపరాతిని విశాఖ రేవునకు దెచ్చి జపానునకు బంపుటకై, 1960వ దశకమున ఆ దేశపు సహాయముతో నిర్మింపబడినది. ఇందు 58 సొరంగములు గలవని చెప్పుదురు. ఉదయమున విశాఖలో బయలుదేరిన బండి యించుమించు నాలుగు గంటలలో అరకు చేరును. 2017లో నీ మార్గమున అద్దపు కప్పుగల పెట్టెయు వచ్చినది. మేము సాధారణపు పెట్టెలోనే కూర్చుంటిమి.

నున్నని యినుపపట్టాపై నున్నని యినుపచక్రము నిట్రముగ నెక్కబోయిన జారును. అందుచే 1871లో స్విట్జర్లాండునందలి రీగీ కొండపైని, తరువాత మన నీలగిరులపైని, పట్టాల నడుమ పండ్లుగల యినుపకమ్మి పరచి, దాని నింజనుయొక్క పండ్లచక్రము పట్టుకొని యెక్కునట్లు చేసిరి. అరకు మార్గమున నట్టి కమ్మి లేదు. కావున దారియే కొండచుట్టును మెలికలు తిరిగి, తప్పనిచోట కొండను దొలుచుకొని, కొంచెము కొంచెముగ పైకిబోవును.

నే నాత్రముతో తీసిన మొదటి చిత్రములలో కిటికీకమ్ములు, చీకటి, తెల్లని వెలుగు తప్ప మరేమియు లేవు. సొరంగమునుండి వెడలినంతనే మన కన్నువలెనే చేతిఫోను కన్నును చెదరును. ఇక దానిని ఒడిలో నుంచి, బండి నడకను జూడదొడగితిని. మా పెట్టె వెనుకటిది గనుక, దారి మా వైపునకు వంగినప్పుడెల్ల ముందరి యింజను కనబడుచుండెను. అది సొరంగమున దూరుచుండగా మే మింకను వంపుననే యుంటిమి. అట్టి మరియొక వంపునకై కాచియుండి యొక్క చిత్రము దీసితిని. అదియే కుదిరినది. కొందరు యువకులు చిత్రములకై వాకిట వ్రేలాడుచుండగా నా గుండె దడదడలాడెను. సొరంగపు గోడ పెట్టెకు మిక్కిలి చేరువ. అనుమతిలేక పట్టాలపైకి బోవుటయు 1989 నాటి రైల్వే చట్టముచే శిక్షార్హము. మన పిల్లలకీ మాట ముందే చెప్పవలయును.

బొర్రా గుహల స్టేషను దాటినపిదప 996 మీటర్ల యెత్తున సిమిలిగూడ వచ్చినది. పెద్దపట్టాల మార్గములలో నిదియే మిక్కిలి యెత్తైన స్టేషనని చిరకాలము పేరుగాంచెను. 2008లో కాశ్మీరలోయకు రైలు వచ్చినపిదప నా పేరు దానికి దక్కినది.

ఇల్లు చేరగనే అత్తమ్మగారు చిత్రమును దూరముగ బట్టి చూచి, "ఇది పొగయా?" అనిరి.

"కాదత్తమ్మా, మంచు. ఈ బండి విద్యుచ్ఛక్తితో నడచును. పొగ లేదు."

"మరి యెక్కుట యేదీ?"

నిజమే! చిత్రమున బండి యున్నది, ఎక్కుట లేదు. నేను మంచముపై దిండ్లను కొండలుగ నిలిపి, నా కొంగును వాని చుట్టును ద్రిప్పి, ఒక దిండు క్రిందుగ దూర్చి, చూచినదంతయు జెప్పితిని. చిత్రములు తీయుటలోనే మునిగియుండినచో చెప్పుటకు నాకడ నేమియు లేకపోయెడిది.

అత్తమ్మగారు కొంగుమీద వ్రేలు నడిపించుకొనుచు, "తిన్నగ నెక్కరాని చోట చుట్టి యెక్కినదన్నమాట. సంసారము చేసినదానికి ఈ యుపాయ మొకరు చెప్పవలయునా!" అని నవ్విరి.