నారులోనే తేలే లెక్క

పాలక్కోడు అంటే తమిళనాడులో టమాటా మార్కెట్టే గుర్తొస్తుంది. అది ధర్మపురి జిల్లాలో ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న మన ధర్మపురి వేరు. ఊళ్లు వేరైనా బాధ ఒకటే. మన మదనపల్లె టమాటా రైతును దెబ్బతీసే ఆకుముడత వైరస్సే పాలక్కోడు రైతునూ దెబ్బతీస్తుంది. తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్ లేత మొక్కలకే సోకితే పంట 100 శాతం పోవచ్చు. దాని డీఎన్ఏ ఒక్కో ముక్కలో సుమారు 2,700 అక్షరాలే. టమాటా డీఎన్ఏలో సుమారు 90 కోట్లు, అవీ 12 క్రోమోజోముల్లో. ఈ మొత్తాన్ని పలు దేశాలు కలిసి చదివి 2012లో ప్రకటించాయి. అందులో 5వ క్రోమోజోము పని మన దేశానిది.

మనం తినే టమాటాకు ఈ వైరస్‌ను తట్టుకునే బలం లేదు. ఆ బలం దక్షిణ అమెరికాలోని అడవి టమాటాల్లో దొరికింది. టీవై-2 అనే జన్యువును మన పంటలోకి తెచ్చింది భారతీయ శాస్త్రవేత్తలే. కల్లూ, బెనర్జీ ఆ పనిని 1990లో ప్రచురించారు. టీవై-2 ఉండేది 11వ క్రోమోజోము మీద. మరో అడవి జాతి నుంచి వచ్చిన టీవై-3 ఉండేది 6వ దాని మీద.

అడవి మొక్కతో సంకరం చేస్తే మంచి జన్యువు ఒక్కటే రాదు. మొదటి తరంలో సగం అడవిదే. దాన్ని మళ్లీ మళ్లీ మంచి రకంతో కలిపితే సగటున 25, 12.5, 6.25 శాతంగా తగ్గుతూ, ఆరోసారికి 0.8కి దిగుతుంది. అయితే కావలసిన జన్యువు పక్కనున్న ముక్క అంత తేలిగ్గా వదలదు. చిన్న కాయ, పండినా పచ్చగానే ఉండే రంగు లాంటివి అలా వెంట వస్తాయి.

ఇక్కడే మార్కర్ పనికొస్తుంది. మార్కర్ అంటే జన్యువుకు ఆనుకుని ఉండే డీఎన్ఏ గుర్తు, ఇంటికి తలుపు నంబరు లాంటిది. నారు ఆకులోంచి చిన్న ముక్క తీసి పీసీఆర్ పరీక్ష చేస్తే ఆ గుర్తు ఉందో లేదో తేలిపోతుంది. వైరస్ సోకేదాకా, కాయ కాసేదాకా ఆగనక్కర్లేదు.

అసలు లాభం రెండు జన్యువుల్ని ఒకే మొక్కలో చేర్చేటప్పుడు కనిపిస్తుంది. పొలంలో ఒక జన్యువున్న మొక్కా రెండున్న మొక్కా ఒకేలా పచ్చగా ఉండొచ్చు. కంటికి తేడా తెలియదు. రెండో తరంలో రెండు జన్యువులూ జంటగా స్థిరపడిన మొక్క 16కు 1. మూడైతే 64కు 1. అలాంటిది కనీసం ఒక్కటి దొరుకుతుందని 95 శాతం నమ్మకం కావాలంటే మొదటి సందర్భంలో 47, రెండోదాంట్లో 191 నారు మొక్కలు పరీక్షించాలి. పొలంలో ఏళ్ల తరబడి చేసే వెతుకులాట ప్రయోగశాలలో కొద్ది రోజుల పనవుతుంది. మార్కర్ కూడా పొరపడవచ్చు. జన్యు దూరాన్ని కొలిచే లెక్కలో జన్యువుకు 5 యూనిట్ల దూరంలో ఉంటే 100లో 5 సార్లు తప్పుతుంది. రెండు వైపులా ఒక్కోటి పెడితే ఆ తప్పు దాదాపు 400కు 1కి తగ్గుతుంది.

మార్కర్లతో చేసే ఈ ఎంపిక జన్యుమార్పిడి కాదు, పాత సంకరమే. ఏ మొక్కను ఉంచాలో చెప్పేది మాత్రం డీఎన్ఏ. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క అభేద్ హైబ్రిడ్‌లో టీవై-2, టీవై-3తో పాటు మాడు తెగులును తట్టుకునే పీహెచ్-2, పీహెచ్-3 కూడా ఉన్నాయి.

హైబ్రిడ్ కాయల నుంచి విత్తనం దాచుకునే రైతు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు జన్యువులూ తరువాతి పంటలో కలిసి కనిపించేది 16లో 9 మొక్కల్లోనే. మిగతా 7లో ఒకటైనా లోపిస్తుంది.

టీవై జన్యువులు ఆకుముడతకే. తామర పురుగులు తెచ్చే మొవ్వుకుళ్లు వైరస్‌ను అవి ఆపలేవు. ఆకుముడత వైరస్‌లలోనూ టీవై-2ను దాటిపోయినవి ఉన్నాయి. అందుకే విత్తన ప్యాకెట్ మీద ‘వైరస్ తట్టుకుంటుంది’ అన్న మాట ఒక్కటే చాలదు. ఏ వైరస్‌ను, ఏ జన్యువుతో తట్టుకుంటుందో రైతు భాషలో అచ్చు వేయాలి. పాలక్కోడులో అది తమిళంలో ఉండాలి, మదనపల్లెలో తెలుగులో.