ఖరీదైన బైక్‌కు తక్కువ ధరలో స్పేర్ పార్ట్స్.. తిరుపతి, చిత్తూరు వాసులు ఏం చేయాలి?

రెండు, మూడు లక్షలు పెట్టి బైక్ కొన్నారు. ఈఎంఐ ఇంకా నడుస్తోంది. ఎక్కడో ఇసుకలో జారి బండి పడితే హ్యాండిల్, లివర్, హెడ్‌లైట్, ఇండికేటర్, పక్క ప్యానెల్ దెబ్బతింటాయి. షోరూం వాళ్లిచ్చే ఎస్టిమేట్ చూస్తే రెండు మూడు నెలల ఈఎంఐ అందులోనే పోయేలా ఉంటుంది. దాంతో కొందరు బండిని మూలన పెట్టేస్తారు. మరికొందరు ఎవరో తెచ్చిచ్చిన చౌక బ్రేక్ ప్యాడ్లు వేయించుకుని, అదే బండిపై తిరుమల ఘాట్ దిగుతారు. మొదటిది డబ్బుకు నష్టం, రెండోది ప్రాణానికే ముప్పు.

ఈ రెండూ కాకుండా మధ్యలో చాలా దారులున్నాయి. ఏ పార్టు ఎక్కడ తక్కువకు దొరుకుతుంది, దేనిలో రాజీ పడకూడదు, మోసపోతే ఎవరికి చెప్పుకోవాలి అన్నది ఇప్పుడు చూద్దాం.

ధర ఎందుకు అంత ఎక్కువ?

100 సీసీ బైకులు లక్షల్లో అమ్ముడవుతాయి కాబట్టి వాటి పార్టులు చాలామంది తయారు చేస్తారు, పోటీలో ధర తగ్గుతుంది. ఖరీదైన బైకులు తక్కువగా అమ్ముడవుతాయి. బయటి తయారీదారులకు వాటి మీద ఆసక్తి ఉండదు. అప్పుడు కంపెనీ చెప్పిందే ధర అవుతుంది. పైగా చాలా పార్టులను విడిగా కాకుండా సెట్‌గా అమ్ముతారు. హెడ్‌లైట్‌లో చిన్న క్లిప్పు విరిగినా మొత్తం హెడ్‌లైట్ కొనమంటారు.

కార్ల విషయంలో ఇలాంటి గుత్తాధిపత్యంపై 2011లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు వెళ్లింది. స్పేర్ పార్టులను బహిరంగ మార్కెట్లో దొరక్కుండా చేశారంటూ 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. పార్టులను బయట కూడా అందుబాటులో ఉంచాలని, స్వతంత్ర మెకానిక్‌లకు సమాచారం ఇవ్వాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఆదేశం కార్ల కంపెనీలకు సంబంధించిందే తప్ప బైకులకు కాదు. అయినా మన దేశంలో ‘రిపేరు హక్కు’ చర్చకు ఇది ముఖ్యమైన మలుపు.

2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్ ఇండియా’ పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలు ఇందులో ఉన్నాయి. ఇందులో చేరిన కంపెనీల మాన్యువళ్లు, వారంటీ నిబంధనలు, స్పేర్ పార్టుల వివరాలు ఒకేచోట చూడవచ్చు. మీ బండి కంపెనీ అందులో ఉందో లేదో ముందుగా చూసుకోండి.

పన్ను తగ్గింది, బిల్లులో చూసుకోండి

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి. 350 సీసీ దాటిన కొత్త బైకులపై పన్ను 40 శాతానికి పెరిగింది. కానీ స్పేర్ పార్టులపై 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బండి 650 సీసీ అయినా పార్టుపై పన్ను 18 శాతమే.

లెక్క ఇలా ఉంటుంది. పన్నుకు ముందు రూ.1,000 ఉన్న పార్టు ఇంతకుముందు రూ.1,280 అయ్యేది, ఇప్పుడు రూ.1,180 కావాలి. ప్యాకెట్ మీద పాత ధరే ఉంటే సవరించిన ధర ఎంతో అడగండి. బిల్లుపై జీఎస్టీ శాతం ఎంత వేశారో చూడండి.

ముందు పార్ట్ నంబర్ పట్టుకోండి

తక్కువ ధరకు వెతకాలంటే మొదట కావాల్సింది పార్ట్ నంబర్. ‘ఫలానా బండికి ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్’ అని అడిగితే దుకాణాదారు తన దగ్గరున్నది ఇస్తాడు. నంబర్ చెబితే అదే ఇవ్వాల్సి వస్తుంది. ఒకే మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి పార్టులు మారుతుంటాయి కాబట్టి ఛాసిస్ నంబర్ చెప్పి సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్‌లో నంబర్, ఎంఆర్‌పీ తీసుకోండి. చాలా కంపెనీల పార్ట్స్ కేటలాగులు ఆన్‌లైన్లోనూ దొరుకుతాయి. ఎస్టిమేట్‌లో పార్టుల ధర, లేబర్ చార్జీ విడివిడిగా రాసివ్వమని అడగండి. చాలాసార్లు భారం పార్టులో కాదు, లేబర్‌లో ఉంటుంది.

కొన్ని పార్టులకు కంపెనీ నంబర్‌తో పని లేదు, ప్రామాణిక కొలత చాలు.

- బేరింగులు: అంచు మీద నంబర్ చెక్కి ఉంటుంది. 6204 అంటే లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు. అదే నంబర్ పేరున్న బ్రాండ్‌లో బేరింగుల దుకాణంలో దొరుకుతుంది. నంబర్ తర్వాత ఉన్న అక్షరాలు కూడా సరిపోవాలి.
- ఆయిల్ సీళ్లు: వీటిపైనా మూడు కొలతలు రాసి ఉంటాయి.
- స్పార్క్ ప్లగ్: ప్లగ్ మీదున్న కోడ్ మొత్తం సరిపోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా ఇంజిన్‌కు నష్టం జరగొచ్చు.
- చైన్: 428, 520, 525 లాంటి సైజు, లింకుల సంఖ్య చూడాలి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్‌గానే మార్చండి.
- బ్యాటరీ: వోల్టు, ఆంపియర్ అవర్, సైజు, టెర్మినళ్ల దిశ సరిపోతే చాలు. అమరాన్ బ్యాటరీలు తయారు చేసే అమరరాజా సంస్థ తిరుపతి పక్కన కరకంబాడిలోనే ఉంది. పాత బ్యాటరీ తిరిగి ఇస్తే ధర తగ్గిస్తారు, అడిగి తగ్గించుకోండి.
- టైర్లు: సైజుతో పాటు వేగ పరిమితి అక్షరం చూడండి. ‘హెచ్’ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు. తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2325 అంటే 2025లో 23వ వారం.

ఒరిజినల్ అంటే షోరూం డబ్బానే కాదు

బైక్ కంపెనీలు అన్ని పార్టులనూ సొంతంగా చేయవు. బ్రేకులు ఒకరు, షాక్ అబ్జార్బర్లు ఇంకొకరు, చైన్ మరొకరు సరఫరా చేస్తారు. ఉదాహరణకు కేటీఎం 390 డ్యూక్, రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్ బైకుల బ్రేకులపై ‘బైబ్రే’ అని ఉంటుంది. అది ఇటలీ కంపెనీ బ్రెంబో చిన్న, మధ్య తరహా బైకుల కోసం నడిపే బ్రాండ్. పాత పార్టు విప్పినప్పుడు దానిపై సరఫరాదారు పేరు ఉందేమో చూడండి. అదే సరఫరాదారు తన సొంత డబ్బాలో అమ్మే పార్టు దొరికితే నాణ్యత తగ్గకుండా ధర తగ్గుతుంది.

మరో దారి, ఒకే ఇంజిన్ పంచుకునే బండ్లు. బీఎండబ్ల్యూ జీ 310 సిరీస్, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 రెండూ హోసూరులోని టీవీఎస్ ఫ్యాక్టరీలో తయారైనవే. వాటి 312 సీసీ ఇంజిన్ మూలం ఒకటే. అలాగని అన్ని పార్టులూ ఒకటే అనుకోవద్దు. పాత పార్టును పక్కన పెట్టి కొలతలు సరిపోల్చాకే డబ్బివ్వండి.

ఎక్కడ వెతకాలి?

తిరుపతి, చిత్తూరు వాసులకు ఉన్న సౌకర్యం రెండు మహానగరాలు దగ్గరగా ఉండటం. తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. చిత్తూరు వాళ్లకు వెల్లూరు 40 కిలోమీటర్ల లోపే. కొత్త పార్టులకు చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు పేరున్న మార్కెట్లు. సెకండ్ హ్యాండ్‌కు చెన్నైలో పుదుపేట. యమహా ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయినా ఆ బండ్లు ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నాయంటే ఇలాంటి మార్కెట్ల చలవే.

ఒక్క పార్టు కోసం చెన్నై వెళ్తే బస్సు చార్జీ, ఒక రోజు పని పోతాయి. ముందు పార్ట్ నంబర్, పాత పార్టు ఫొటో వాట్సాప్‌లో పంపి ధర కనుక్కోండి. ఒకే మోడల్ బండి ఉన్న నలుగురు కలిస్తే పార్శిల్ ఖర్చు కూడా పంచుకోవచ్చు. విదేశీ వెబ్‌సైట్లలో కొంటే పార్టు ధరపై కొరియర్, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కూడా పడతాయి.

సెకండ్ హ్యాండ్ ఏవి కొనొచ్చు, ఏవి వద్దు?

ప్యానెళ్లు, మడ్‌గార్డు, అద్దాలు, సీటు, ట్యాంకు, మీటర్, ఫుట్‌రెస్ట్ లాంటివి చూసి కొనుక్కోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు, డిస్క్, బ్రేక్ గొట్టాలు, టైర్లు, చైన్, ఒకసారి యాక్సిడెంట్ అయిన ఫోర్కులు, అల్లాయ్ చక్రాలు మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు. లోపలి పగులు కంటికి కనిపించదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు విపరీతంగా వేడెక్కుతుంది. నాసిరకం ప్యాడ్ పట్టు కోల్పోయేది సరిగ్గా అప్పుడే.

సెకండ్ హ్యాండ్‌కైనా బిల్లు తీసుకోండి. ఇంజిన్ నంబర్ ఉన్న భాగమైతే బిల్లులో నంబర్ రాయించండి. నంబర్ చెరిపేసి ఉంటే ఆ పార్టు ముట్టుకోవద్దు. దొంగ సొత్తని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

ధర తక్కువని మరో రకం సైలెన్సర్ వేయించడం కూడా ప్రమాదమే. అనుమతి లేని పార్టులతో బండిని మార్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 వరకు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

డూప్లికేట్‌ను ఎలా గుర్తించాలి?

ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, ఏడాది, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు తప్పనిసరిగా ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో రాయాలి. ఇవి లేకపోయినా, ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకున్నా తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. టైర్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కుతో పాటు ఉండే లైసెన్స్ నంబర్‌ను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది.

బండి వారంటీలో ఉంటే బయటి పార్టు వేసే ముందు వారంటీ పుస్తకం చదవండి. ఏ పార్టు మారిస్తే ఏ భాగానికి వారంటీ పోతుందో అందులో ఉంటుంది.

ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది?

మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు పార్టులు, టైర్లు, బ్యాటరీకి తరుగుదల కింద 50 శాతం కోస్తారు. ఫైబర్ భాగాలకు 30 శాతం. లోహపు పార్టులకు బండి వయసును బట్టి కోత పెరుగుతుంది. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 10 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 35 శాతం. ఖరీదైన బైకుల్లో విరిగేది ఎక్కువగా ప్లాస్టికే కాబట్టి, సగం బిల్లు మీ జేబు మీదే పడుతుంది. ‘జీరో డిప్రిసియేషన్’ కవర్ తీసుకుంటే చాలా పార్టులకు ఈ కోత తప్పుతుంది.

చిన్న దెబ్బకు క్లెయిమ్ చేసే ముందు మరో లెక్క వేసుకోండి. క్లెయిమ్ లేని ఏడాదికి వచ్చే బోనస్ 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే అది పోతుంది.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు లోపమున్న పార్టుకు వర్తించదు.

- మొదట దుకాణానికి, కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ఆన్‌లైన్లో కొంటే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి.
- పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు. 8800001915కు వాట్సాప్ చేయవచ్చు.
- అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. తిరుపతి, చిత్తూరు రెండు చోట్లా కమిషన్లు ఉన్నాయి. చెన్నైలో కొన్నా, మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్లలోపు వేయాలి.

వీటన్నింటికీ ఆధారం బిల్లే. పాత పార్టు, కొత్త పార్టు డబ్బా కూడా కేసు తేలేదాకా పారేయవద్దు.

కొత్త బండి కొనబోతుంటే..

షోరూంలో మైలేజీ, రంగు అడిగినట్టే ఐదు పార్టుల ధర అడగండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్, హెడ్‌లైట్, క్లచ్ లివర్. అవి స్టాకులో ఉంటాయా, ఆర్డరు పెడితే ఎన్ని రోజులకు వస్తాయో కనుక్కోండి. 2020 సెప్టెంబర్‌లో హార్లే డేవిడ్సన్ మన దేశంలో తయారీ, అమ్మకాలు ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఉన్న బండ్ల యజమానుల మొదటి ప్రశ్న పార్టుల గురించే. మరుసటి నెలలో హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదరడంతో వాళ్లకు ఊరట దక్కింది. అన్ని కంపెనీల విషయంలో అలా జరుగుతుందని చెప్పలేం. మీ ఊళ్లో పార్టు దొరికే బండే మీకు చవకైన బండి.