నీరును, నూనెయు అంటని బట్టలు

తామరాకుపై నీటిబొట్టు నిలువక జారిపోవుట మనమందరము చూచినదే. ఆకునకు తడి యేల అంటదు? దానిపై మైనపు పూత కలదు. ఆ పూత కంటికి కనబడనంత గరుకుగా నుండును. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకొనును. మైనము వానిని అంతగా ఆకర్షింపజాలదు. కావున నీరు పరచుకొనక బొట్టుగా ముడుచుకొనును.

ఈ గుణమును బట్టకు కల్పించుటకు మానవుడు చిరకాలముగా యత్నించుచున్నాడు. నావికులు గుడ్డకు అవిసెనూనె పూసిరి. 1823లో స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పొరను చేర్చి పేటెంటు పొందెను. ఆ వానకోటు నీటిని ఆపినది గాని, గాలిని గూడ ఆపుటచే చెమట లోపలనే నిలిచెడిది. తరువాతి మార్గము వేరు: గుడ్డ సందులను మూయక, ఒక్కొక్క పోగునకు పలుచని పూత నిచ్చుట. మైనము, సిలికోనులు ఇట్లే పనిచేయును. అయితే నూనె అణువుల పరస్పరాకర్షణ నీటి అణువులకంటె చాల స్వల్పము; కనుక నూనె ఆ పూతలపై పరచుకొని లోనికింకును.

నూనెను గూడ నిలుపు పూత యాదృచ్ఛికముగా లభించినది. 1953లో అమెరికాలోని 3ఎం ప్రయోగశాలలో ఒక ఫ్లోరిన్ రసాయనము సహాయకురాలి కాన్వాసు జోడుపై ఒలికినది. ఎంత కడిగినను పోలేదు. పైగా ఆ చోటు మాత్రము మాయలేదు. పాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ అను శాస్త్రజ్ఞులు ఆ గుణమును పరిశోధించిరి. 1956లో స్కాచ్‌గార్డ్ అంగడికి వచ్చినది.

కాని దాని మన్నికయే దాని దోషమైనది. కార్బన్, ఫ్లోరిన్‌ల బంధము మిక్కిలి దృఢము. ఎండగాని, సూక్ష్మజీవులుగాని దానిని సులభముగా విడదీయజాలవు. తయారీలోను, ఉదుకులోను వెలువడిన పదార్థము నీటిలో చేరి, తుదకు మనుష్యుల రక్తములోను కనబడినది. అట్టి పదార్థములలో పిఎఫ్‌ఓఎస్ 2009లోను, పిఎఫ్‌ఓఏ 2019లోను స్టాక్‌హోమ్ ఒడంబడిక జాబితాకెక్కినవి. ఫ్రాన్సు 2025లో చేసిన చట్టము, కొన్ని రక్షక వస్త్రములను మినహాయించి, 2026 జనవరి 1 నుండి ఈ జాతి రసాయనములను దుస్తులలో నిషేధించినది.

ఇక గృహస్థులు చేయదగినదేమి? బట్టపై ఒక నీటిబొట్టును, ఒక నూనెబొట్టును వేసి చూడుడు. నీరు నిలిచి నూనె యింకినచో ఆ పూత మైనమో, సిలికోనో అయి యుండును. రెండును నిలిచినచో అది ఫ్లోరిన్ పూత కావచ్చును. ఇంధనముతోను, అగ్నితోను పనిచేయువారికి నూనెనాపు బట్ట అవసరము కావచ్చును. బడికేగు పిల్లవాని వానకోటునకు అది యేల? వాన నీరే గదా, నూనె కాదు!