సైదాబాదులో కుక్కపిల్ల పెంపకము

మా సైదాబాదు గల్లీలలో గోడకు గోడ ఆనుకొని ఇండ్లుండును. ఇచ్చట కుక్కను పెంచుట ఒక్క ఇంటి వ్యవహారము కాదు. మూసారాంబాగు వంతెనకు ఆవలనున్న అంబరుపేటలో 2023 ఫిబ్రవరిలో వీధికుక్కలు నాలుగేండ్ల బాలుని చంపినవి. ఆ పిమ్మట తల్లులు ఏ కుక్కను చూచినను బిడ్డలను దగ్గరకు తీసికొనుచున్నారు. ఆ భయము అకారణమని మేమనజాలము.

అయితే కుక్కకును భయము కలదు. రోషముచే గాక బెదరుచే కరచు కుక్కలు పెక్కు. ఆ బెదరు పుట్టకుండ చేయదగిన కాలము స్వల్పము. మూడవ వారము మొదలు సుమారు పండ్రెండు, పదునాలుగు వారముల వరకు పిల్ల తాను చూచినదానికెల్ల సులభముగా అలవాటుపడును. తరువాత కొత్తదానిని శంకించును. అమెరికా శాస్త్రజ్ఞులు స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయము వివరింపబడినది. పిల్ల మన యింటికి వచ్చునది ఎనిమిదవ వారమున ననుకొన్న, మనకు మిగులునది నెలన్నర మాత్రమే.

టీకాలు పూర్తికాక నేలపై తిప్పరాదు గదా అందురు. నిజమే, చంకనెత్తుకొని తిప్పవచ్చును. ఐ.ఎస్. సదను చౌరస్తాలో ఆటోల మోత విననిండు. బురఖా ధరించిన స్త్రీని, హెల్మెటు పెట్టినవానిని, చేతికర్ర ముసలివారిని చూడనిండు. బోనాల డప్పును మొదట దూరమునుండియే వినిపింపవలెను. ప్రతిసారి ఉడికించిన గ్రుడ్డు ముక్క నోటికందించుడు. తోక ముడిచినచో బలవంతపెట్టక వెనుకకు మరలుడు.

కాపలాకు పౌరుషము కావలెనని మిద్దెపై రాత్రింబవళ్లు గొలుసుతో కట్టివేయువారు కలరు. అట్టి కుక్క కాపలా కాయదు. గాలికి కదలిన ఆకును చూచియు మొరుగును. దట్టమైన బొచ్చుగల మంచుదేశపు జాతులను తెచ్చి మే నెల యెండలో రొప్పించుట మాకు సమ్మతము కాదు. మన నాటుకుక్క ఈ యెండలకు పుట్టినదే.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను. ఆ టీకాను మన నగరమందలి ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థయే తయారుచేయుచున్నది. ఆటలో పిల్లపన్ను గీరినను పసుపు, కారము అద్దరాదు. పారు నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆనాడే నల్లకుంట ఫీవరు ఆసుపత్రికి గాని, దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు గాని పోవలెను.