పాత మోటారు సైకిళ్ల సంఘములు: అందరికి తెరచిన వాకిలి, సభ్యుల లోపలి గది

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమున ఒక ప్రశ్న వచ్చినది. మన సంఘము తన పాత వార్షిక సంచికలను, ఛాయాచిత్రములను, పూర్వ విద్యార్థుల పట్టికలను అంతర్జాలమున ఉంచదలచినచో, వానిని లోకమంతయు చూడవచ్చునా, సభ్యులు మాత్రమే చూడవలయునా? "దాచిపెట్టిన విద్య ఎవరికి పనికివచ్చును?" అని కొందరనిరి. "మా పిల్లల ముఖములను సంతలో పెట్టుటకు మేమొప్పుకొనము" అని మరికొందరనిరి. ఉభయులును న్యాయమే పలికిరి గనుక ఆనాడు ఏ నిర్ణయమును కుదరలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. పాత మోటారు సైకిళ్లను కాపాడుకొను క్లబ్బులకు ఇది మనకంటె ముందుగాను, మనకంటె తీవ్రముగాను వచ్చినది. వారు దానిని ఎట్లు తీర్చుకొనవలసియున్నదో పరిశీలించినచో మన ప్రశ్నకు కొంత వెలుగు దొరకునని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాము. మన తల్లిదండ్రులలో కొందరి యింటి వాకిట నేటికిని ఒక జావాయో, యెజ్డీయో నిలిచియున్నది. కావున విషయము మనకు పరాయిది కాదు.

మన మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా కర్మాగారము నుండి 1961లో మోటారు సైకిళ్లు వెలువడసాగినవి. అవి చెకొస్లొవేకియా దేశపు జావా బండ్ల నమూనాలు. జావా అను పేరు పుట్టిన విధము వింతైనది. 1929లో యానెచెక్ అను పారిశ్రామికుడు తన పేరునుండి రెండు రోమన్ అక్షరములను, వాండరర్ అను జర్మన్ బండి పేరునుండి రెండక్షరములను తీసి కలిపినాడు. తరువాతి కాలమున మైసూరు బండ్లు యెజ్డీ అను పేరుతో వచ్చినవి. 1996లో కర్మాగారము మూతబడినది. దానితో కొత్త బండ్లు మాత్రమే కాదు, ఆ బండ్లను గూర్చి అధికారముతో చెప్పగల దిక్కు కూడ పోయినది. స్టార్టు చేయుటకు తన్ను కడ్డీయే గేరు మార్చు కడ్డీగా కూడ పనిచేయు ఆ యంత్రపు మర్మములు కొందరు మెకానిక్కుల చేతులలోను, కొందరు యజమానుల పెట్టెలలోను మిగిలినవి. పాత బండ్ల క్లబ్బు అనగా సెలవుదినమున బారులు తీరి తిరుగు గుంపు అని చాలమంది తలంతురు. వాస్తవమునకు దాని ఆస్తి బండ్లు కావు. ఆ చెదరిన జ్ఞానమే. దానిని ఎవరికి ఎంతవరకు చూపవలయును అనునదే ప్రశ్న.

ఆ జ్ఞానమున రెండు జాతులున్నవని మా అభిప్రాయము. ఒకటి ఆ రకపు బండ్లన్నిటికిని చెందినది. విద్యుత్తు తీగల పటము, విడిభాగముల జాబితా, ఏ సంవత్సరమున ఏ రంగు వేసిరి, ఏ బోల్టు ఏ కొలతది, ఇట్టివి. రెండవది ఒక్క బండికి, ఒక్క మనిషికి చెందినది. ఫలానా ఇంజను నంబరు గల బండి ఎవరిది, ఎక్కడ నిలుపబడుచున్నది, ఎంతకు కొన్నారు, ఇట్టివి. మొదటిదానిని దాచుట నష్టము. రెండవదానిని బయటపెట్టుట ప్రమాదము. క్లబ్బులలో వచ్చు తగవులు చాల భాగము ఈ రెంటిని కలగలుపుటచేతనే వచ్చుచున్నవి.

మొదటిదానిని దాచిన నష్టమెట్టిదో ఒక చిన్న ఉదాహరణచే తెలియును. పాత జావా 250 రెండు స్ట్రోకుల యంత్రము. దాని పెట్రోలులోనే నూనె కలిపి పోయవలయును; సాధారణముగా 25 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు నూనె. నూనె తగ్గినచో పిస్టను వేడెక్కి సిలిండరులో బిగుసుకొనిపోవును. ఎక్కువైనచో ప్లగ్గు మసిబారి, పొగ కమ్మును. తాతగారి బండిని బయటకు తీసిన కుఱ్ఱవాడు ఈ లెక్క కొరకు అంతర్జాలమున వెదకును. క్లబ్బువారి సరియైన పట్టిక తాళము వెనుక నున్నచో వెదకు యంత్రములు దానిని చదువలేవు. ఎవరో తెలిసీ తెలియక వ్రాసిన లెక్కయే ముందుగా కనబడును. ఆ కుఱ్ఱవానికి సభ్యత్వమను మాట ఒకటున్నదని కూడ తెలియదు. ఇక బండి చెడిన తరువాత అతడు దానిని తూకమునకు అమ్మివేసినచో క్లబ్బునకు ఒక సభ్యుడును, లోకమునకు ఒక బండియు తగ్గినట్లే.

ఇంకొక నష్టము కలదు. వెబ్‌సైటునకు ఏటేటా అద్దె కట్టవలయును. ఆ పని చూచు ఒక్క మనిషి జబ్బుపడినను, కాలధర్మము చెందినను, పుటలన్నియు ఒక్క రాత్రిలో మాయమగును. అందరికి తెరచియుంచిన పుటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు నకలు తీసి భద్రపరచుచున్నవి; కావున అవి కొంతవరకైనను మరల దొరకును. తాళము వేసిన పుటలకు ఆ భాగ్యము లేదు.

రెండవ జాతి మాట వేరు. మాలో ఒకరు తమ తండ్రిగారి బండిని ఎంతో శ్రమించి బాగుచేయించి, నంబరు పలక స్పష్టముగా కనబడునట్లు ఛాయాచిత్రము తీసి ఒక బహిరంగ పుటలో పెట్టిరి. కొన్ని నెలలకు తామెన్నడును పోని ఊరినుండి జరిమానా నోటీసు వచ్చినది. ఎవరో అదే నంబరును మరొక బండికి తగిలించిరి. ఆ చిత్రమును చూచియే చేసిరని మేము రుజువు చేయలేము. వీధిలో చూచియు చేసియుండవచ్చును. కాని నోటీసు తప్పని నిరూపించుటకు ఆయన తిరిగిన తిరుగుడు చూచిన తరువాత మేమెవ్వరము నంబరు కనబడు చిత్రములు పెట్టుట లేదు. ఫోనుతో తీసిన చిత్రములో, ఆ సదుపాయము తెరచియున్నచో, తీసిన స్థలము అక్షాంశ రేఖాంశములతో సహా దాగియుండును. దానిని తుడువక పంచుట దొంగకు ఇంటి దారి చూపుటయే. యాత్రల విషయమును అట్లే. యాత్ర జరుగు తేదీ అందరికి తెలిసినచో చూచువారు వత్తురు, పిల్లలు సంతోషింతురు. బండ్లు రాత్రి ఎక్కడ నిలుపబడునో మాత్రము సభ్యులకు చాలును.

అన్నిటికంటె కఠినమైనది మూడవ వస్తువు. అది పై రెండు జాతులకును చెందినది. దానిని తెలిసికొనుటకు ఇంగ్లాండు దేశమునకు పోవలయును. అక్కడి వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు 1946లో స్థాపింపబడినది. టిచ్ ఆలెన్ అను ఆయన దానికి మూలపురుషుడు. ఆ క్లబ్బు గ్రంథాలయమున మూతబడిన కొన్ని కర్మాగారముల పాత చిట్టాలు కూడ చేరినవి. ఏ ఇంజను నంబరు, ఏ చాసిస్ నంబరు గల బండి ఏ తేదీన కర్మాగారము విడిచినదో వానిలో కలదు. ఆ దేశమున వాహనముల లెక్కలను యంత్రగణనలోనికి మార్చినప్పుడు, 1983 నవంబరు నాటికి నమోదు కాని పాత నంబర్లు లెక్కనుండి జారిపోయినవి. గుర్తింపు పొందిన క్లబ్బు పరీక్షించి సాక్ష్యమిచ్చినచో పాత నంబరును మరల బండికి ఇచ్చు పద్ధతి ఏర్పడినది. బండి పుట్టిన సంవత్సరమునకు కూడ క్లబ్బు ధ్రువపత్రము ఇచ్చును.

ఇప్పుడు ఆ చిట్టాను అంతర్జాలమున తెరచిపెట్టిరని అనుకొందము. పరిశోధకుడు సంతోషించును. కాని మోసగాడు కూడ సంతోషించును. వాడు చిట్టాలోని నంబర్లను చూచి, యజమాని కనబడని ఒక బండిని ఎంచుకొని, ఆ నంబరును వేరొక ఇనుప ముక్కపై కొట్టి, "ఇదిగో, ఆ సంవత్సరపు బండి" అని తెచ్చును. చిట్టాతో సరిచూచినచో నంబరు సరిపోవును. ఎందుకనగా వాడు చిట్టా చూచియే కొట్టినాడు. పరీక్షాపత్రమును ముందుగా గోడకు అంటించి పరీక్ష పెట్టినట్లే. అందుచేత చిట్టాను ఎవరి చేతికిని ఈయక, అడిగినవారి నంబరునకు మాత్రమే జవాబు చెప్పుట తగిన పద్ధతి. సభ్యుడు కానివాడును రుసుము చెల్లించి ప్రశ్న అడుగవచ్చునని నియమముంచినచో, పుస్తకము మూసియున్నను జవాబు అందరికిని అందును. తెరచుట, మూయుట అను రెండే మార్గములు కలవని తలచువారికి ఈ మూడవ మార్గము తోచదు.

మన దేశమునను ఇట్టి సాక్ష్యమునకు విలువ పెరుగుచున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటి, ముఖ్యమైన మార్పులు లేక మొదటి రూపమున నున్న బండిని వింటేజ్ వాహనముగా నమోదు చేయవచ్చును. కొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరములు. నంబరులో రాష్ట్రపు అక్షరముల తరువాత వి.ఎ. అను అక్షరములుండును. ఆ బండిని నిత్యము రోడ్లపై తిప్పరాదు, బాడుగకు తిప్పరాదు. ఈ నిబంధనల వివరణను ఏ క్లబ్బైనను తన బహిరంగ పుటలో, స్థానిక భాషలో ఉంచవలయును. దీనిని సభ్యులకే పరిమితము చేసిన క్లబ్బు ఎవరికొరకు ఉన్నదో మాకు బోధపడదు.

"అన్నియు తెరచినచో చందా ఎవరు కట్టుదురు?" అని కోశాధికారులు అడుగుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని కాగితము కొరకు చందా కట్టువారు తక్కువ. మనుష్యుల కొరకు కట్టువారు ఎక్కువ. కార్బురేటరు పట్టుకొని ఆదివారమునాడు వచ్చినచో కూర్చుండి విప్పి చూపు పెద్ద యొకడు, పంచుకొనుటకు అరుదైన పనిముట్లు, కలిసి చేయించుకొనిన విడిభాగములు, నమ్మకముగా అమ్మి కొనుటకు ఒక పట్టిక, ఇవి సభ్యులకే దక్కునవి. క్లబ్బు పత్రికను సభ్యులకు ముందుగా ఇచ్చి, ఒక సంవత్సరము గడచిన పిమ్మట అందరికిని తెరచినచో ఇద్దరికిని అన్యాయము లేదు. అయితే పాత కంపెనీ పుస్తకములను అచ్చుగా ఎక్కించునప్పుడు స్వామ్యహక్కు చూచుకొనవలయును. మన 1957 నాటి చట్టము ప్రకారము, కర్త పేరు తెలియని ప్రచురణకు ఆ హక్కు 60 ఏండ్లు నిలుచును.

తాళము వేయు తీరు గూర్చి ఒక మాట. సభ్యులందరికి ఒకే పాస్‌వర్డు ఇచ్చుట తాళపుచెవిని గుమ్మముపై పెట్టి పోవుటయే. ఎవరికి వారికి వేరుగా నుండవలయును, విడిచిపోయినవారిది తీసివేయవలయును. నేడు పలు క్లబ్బులు వాట్సాప్ గుంపులతో తృప్తిపడుచున్నవి. అందులో వ్రాసినది బయటివారికి అందదు, లోపలివారికి ఆరు నెలల తరువాత వెదకినను దొరకదు. అది బహిరంగమును కాదు, భాండాగారమును కాదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. పిల్లలు వ్రాసిన తెలుగు వ్యాసములు, పద్యములు, ఉపాధ్యాయుల రచనలు, పాఠశాల చరిత్ర మొదటి జాతివి. వీనిని తెరచియుంచవలయుననియే మా మతము. మాతృభాషా బోధన మన ఊళ్లలో ఎంత కష్టముతో నిలిచినదో చెప్పు సాక్ష్యములవి. చాల ఏండ్ల క్రిందట ఇక్కడ చదివిన బాలిక వ్రాసిన కథను ఆమె మనుమరాలు ఎక్కడినుండియో వెదకి చదువుకొనవచ్చును; తాళముండిన యెడల అట్టి కథ యున్నదనియే ఆమెకు తెలియదు. పూర్వ విద్యార్థుల చిరునామాలు, ఫోను నంబర్లు రెండవ జాతివి. వానిని లోపల ఉంచి, ఎవరైన పాత మిత్రుని కొరకు వ్రాసినచో ఆ ఉత్తరమును సంఘమే వారికి చేర్చవలయును. ఇంగ్లాండువారి చిట్టా పద్ధతి ఇక్కడ సరిగా అతుకును.

ఇప్పుడు చదువుచున్న పిల్లల చిత్రములు అన్నిటికంటె సున్నితమైనవి. 2023లో చేయబడిన వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టము 18 ఏండ్లు నిండని వారిని బాలురుగా ఎంచి, వారి వివరములకు తల్లిదండ్రుల నిర్ధారితమైన అనుమతి కోరుచున్నది. చట్టము కోరకపోయినను మనము అడుగవలసినదే. బిడ్డ ముఖము, పూర్తి పేరు, తరగతి, ఊరు ఒక్కచోట చేరినచో కొత్తవాడు ఆ బిడ్డను పేరుపెట్టి పిలువగలడు. బహుమతి పొందిన బిడ్డ పేరు అచ్చుకాకుండుట కూడ తల్లికి బాధయే. ఆ బాధను మేమెరుగుదుము. అందుచేత అచ్చు సంచికలో చిత్రమును, పేరును ఎప్పటివలెనే ఉండును. అంతర్జాలపు ప్రతిలో చిత్రము క్రింద తరగతి మాత్రమే వేసి, పేర్లను వేరొక పుటలో చిత్రములు లేకుండ ఇత్తుమని ప్రతిపాదించుచున్నాము.

ఈ సంచికతోపాటు ఇంటింటికి ఒక చీటీ పంపబడుచున్నది. అందులో మూడు గడులున్నవి: రచన అందరికిని తెరచుట, చిత్రము సభ్యులకు మాత్రమే చూపుట, ఏదియు వలదనుట. ఒకే యింటినుండి ఇద్దరు పిల్లలున్నచో ఇద్దరికిని వేరువేరుగా నింపి, పెద్ద తరగతుల పిల్లలనైతే వారి మాట కూడ అడిగి, సంతకముతో తరగతి ఉపాధ్యాయునికి అందజేయ ప్రార్థన. చీటీ రాని యింటి పిల్లల చిత్రములు లోపలి గదిలో కూడ ఉంచబడవు.